ఇంకెంత పెరగాల బాబూ? ఉద్దానం నమూనాలు దగ్గరున్నవారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ అధికారులకు, భారత వైద్య పరిశోధన మండలి పెద్దలకు, కిడ్నీ జబ్బు సంగతి తేల్చడానికి ఉద్దానం వచ్చి మా రక్తం, మూత్రం నమూనాలు తీసుకెళ్లిన పరిశోధకులందరికీ నమస్కారం.

నేను శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. 2009 నుంచి ఇదే పని. పొద్దున్న ఆరింటికి షట్టర్ తీసేసరికి మెట్ల మీద పదిమంది కూర్చుని ఉంటారు. వాళ్లలో ఏడెనిమిది మంది అడిగే పరీక్ష ఒక్కటే. "క్రియాటిన్ చూడు బాబూ." అంటే క్రియాటినిన్, కిడ్నీలు సరిగ్గా వడకట్టకపోతే రక్తంలో పెరిగేది. వేరే ఊళ్లలో షుగర్ ఎంత, బీపీ ఎంత అని అడుగుతారు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస వైపు క్రియాటిన్ ఎంత అని అడుగుతారు. కొబ్బరి దింపేవాళ్లకీ, జీడిపిక్కలు వలిచే ఆడవాళ్లకీ కూడా ఆ అంకె నోటికి వచ్చు.

నా దగ్గర పాత రిజిస్టర్లు ఉన్నాయి. 2013 రిజిస్టర్‌లో ఒకే పేజీలో ఇద్దరు ఆడవాళ్ల పేర్లున్నాయి. ఇద్దరిదీ ఒకే వీధి, ఇద్దరికీ నలభై ఐదు దగ్గర వయసు. ఇద్దరూ జీడి పని చేసేవాళ్లే, ఒకే బోరు నీళ్లు తాగినవాళ్లే. ఆ రోజు ఇద్దరి క్రియాటినిన్ 1.2. మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ ఇద్దరికీ నిల్. బీపీ లేదు, షుగర్ లేదు. రిపోర్టు మీద 0.6 నుంచి 1.2 దాకా నార్మల్ అని అచ్చువేసి ఉంటుంది కాబట్టి "ఏమీ లేదమ్మా, బాగానే ఉంది" అని ఇద్దరికీ చెప్పి పంపించాను.

మొదటావిడ 2019లో మళ్లీ వచ్చింది. 1.3. ఇప్పటికీ పనికి వెళుతోంది. రెండో ఆవిడకి 2016లో 1.9, 2019లో 2.8, 2020లో 3.4. ఆ రోజు రిపోర్టు చేతికిచ్చినప్పుడు ఆవిడ అడిగిన మాట ఈ లేఖకు పేరుగా పెట్టాను. డయాలసిస్‌కి వెళ్లకపోయినా, క్రియాటినిన్ 5 దాటితేనో, కిడ్నీల వడపోత లెక్క ఈజీఎఫ్‌ఆర్ 15 కన్నా తగ్గితేనో, స్కానింగులో కిడ్నీలు కుంచించుకుపోయినట్టు తేలితేనో పింఛను వస్తుంది. ఆవిడ ఈజీఎఫ్‌ఆర్ 15కి కొంచెం పైన ఉంది. కూలికి వెళ్లే ఓపిక లేదు, పింఛనుకు సరిపడేంత జబ్బు ముదరలేదు. "ఇంకెంత పెరగాల బాబూ?" అంది. నేనేమీ చెప్పలేకపోయాను. రెండేళ్లు తిరక్కుండా ఆవిడ పోయింది.

2013లో ఆ ఇద్దరినీ వేరుచేసి చెప్పగలిగేది ఏదైనా వాళ్ల రక్తంలోనో మూత్రంలోనో ఉందా? ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు. ఉండే అవకాశం చాలా ఉందని ఇన్నేళ్లుగా చదివిన దాన్ని బట్టి నాకు అనిపిస్తోంది. అందుకే మీకు రాస్తున్నాను.

ముందుగా నా వైపు జరిగిన పొరపాటు చెప్పాలి. నలభై ఐదేళ్ల ఆడమనిషికి 1.2 అంటే, 2021 నాటి సీకేడీ ఈపీఐ సూత్రం ప్రకారం లెక్క కడితే ఈజీఎఫ్‌ఆర్ 57 వస్తుంది. 60 కన్నా తక్కువగా మూడు నెలలు ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు (సీకేడీ) కిందే లెక్క. అంటే రిపోర్టు నార్మల్ అని చెబుతున్న రోజునే ఆ ఇద్దరినీ మూడు నెలల తర్వాత మళ్లీ రమ్మనాల్సింది. అప్పట్లో మేం ఈజీఎఫ్‌ఆర్ వేసేవాళ్లం కాదు, క్రియాటినిన్ ఒక్కటే రాసిచ్చేవాళ్లం. ఇప్పటికీ అలాగే ఇచ్చే ల్యాబులు చాలా ఉన్నాయి. దీనికి కొత్త మిషన్ అక్కర్లేదు, వయసు, ఆడా మగా వేసి లెక్క కట్టడమే. ప్రతి క్రియాటినిన్ రిపోర్టు మీద ఈజీఎఫ్‌ఆర్ అచ్చువేయాలని జిల్లాలోని ల్యాబులన్నిటికీ రేపే ఒక ఆదేశం ఇవ్వవచ్చు.

అయినా క్రియాటినిన్‌తో ఇబ్బంది తీరదు. అది కండల్లోంచి పుట్టే వ్యర్థం. మా దగ్గర చాలామంది సన్నగా, ఎండిపోయినట్టు ఉంటారు. కండ తక్కువ ఉన్న మనిషికి కిడ్నీ సగం పాడైనా క్రియాటినిన్ అంతగా పెరగదు. కొలిచే పద్ధతిలో కూడా తేడాలున్నాయి. చిన్న ల్యాబుల్లో ఎక్కువగా వాడే పాత జాఫే పద్ధతిలో రక్తంలోని వేరే పదార్థాలు కూడా క్రియాటినిన్‌లా రంగు తెప్పిస్తాయి. 1.2 దగ్గర పాయింటు రెండు తేడా వస్తే మనిషి కథే మారిపోతుంది. రెండు ల్యాబుల్లో రెండు అంకెలు వచ్చి ఎంత టెన్షన్ పడతారో రోజూ చూస్తూనే ఉన్నాను.

మూత్రంలో ప్రోటీన్ పరీక్ష మరీ మోసం చేస్తుంది. షుగర్ వల్ల వచ్చే కిడ్నీ జబ్బులో ముందు కిడ్నీలో రక్తాన్ని వడకట్టే జల్లెడ పాడవుతుంది, ఆల్బుమిన్ కారిపోతుంది, మూత్రంలో ముంచే స్ట్రిప్ ఆకుపచ్చగా మారుతుంది. ఉద్దానం జబ్బు ఆ దారిన రాదు. ఇక్కడి రోగుల బయాప్సీల్లో కనిపించింది కిడ్నీలోని సన్నటి గొట్టాల చుట్టూ మచ్చ కట్టడం. జల్లెడ చాలాకాలం బాగానే ఉంటుంది. స్ట్రిప్ ముఖ్యంగా పట్టేది ఆల్బుమిన్‌నే కాబట్టి "నిల్" అని వస్తుంది. ప్రపంచమంతా కిడ్నీ ఎప్పుడు ఫెయిలవుతుందో అంచనా వేయడానికి వాడే సూత్రం 2011లో వచ్చింది. అందులో నాలుగే అంశాలు: వయసు, ఆడా మగా, ఈజీఎఫ్‌ఆర్, మూత్రంలో ఆల్బుమిన్. ఆ నాలుగో అంశం మావాళ్లలో పెద్దగా మాట్లాడదు. అప్పుడు ఆ అంచనాకు సగం బలం పోయినట్టే.

కొబ్బరి తోటలున్నవాళ్లకి ఎర్రముక్కు పురుగు సంగతి తెలుసు. చెట్టు పైకి పచ్చగానే ఉంటుంది, లోపల కాండం తినేస్తూ ఉంటుంది. మొవ్వు వాలాక చూస్తే చేసేదేమీ ఉండదు. అనుభవం ఉన్న రైతు కాండం మీద చిన్న చిన్న రంధ్రాలు, వాటిలోంచి కారే ఎర్రటి జిగురు చూసి ముందే పసిగడతాడు. క్రియాటినిన్ మొవ్వు వాలడం లాంటిది. నేను అడుగుతున్నది ఆ జిగురు కోసం.

అలాంటి ప్రోటీన్లు ఉన్నాయి. కిమ్-1 అనేది ఆరోగ్యంగా ఉన్న కిడ్నీలో దాదాపు కనిపించదు, గొట్టాల కణాలు గాయపడితే పుడుతుంది, మూత్రంలోకి వస్తుంది. మందుల వల్ల ఎలుకల కిడ్నీలకు జరిగే హానిని పట్టడానికి దీన్ని, మరి కొన్ని మూత్ర ప్రోటీన్లను అమెరికా, యూరప్ ఔషధ నియంత్రణ సంస్థలు 2008లోనే ఒప్పుకున్నాయి. ఎన్‌గాల్ కూడా గాయమైనప్పుడు పెరిగేదే, కానీ ఇన్‌ఫెక్షన్ ఉన్నా పెరుగుతుంది కాబట్టి జాగ్రత్తగా చదవాలి. ఆల్ఫా-1 మైక్రోగ్లోబ్యులిన్ సంగతి వేరు. అది చిన్న ప్రోటీన్, మంచి కిడ్నీలో జల్లెడ దాటినా గొట్టాలు మళ్లీ పీల్చేసుకుంటాయి. గొట్టాలు దెబ్బతింటే మూత్రంలోనే ఉండిపోతుంది. బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్ కూడా అలాంటిదే కానీ పుల్లటి మూత్రంలో త్వరగా పాడైపోతుంది, పల్లె నుంచి ల్యాబుకు చేరేసరికి నమ్మలేం. సిస్టాటిన్-సి రక్తంలో కొలిచేది, దానికి కండతో పెద్దగా సంబంధం లేదు. క్రియాటినిన్, సిస్టాటిన్-సి రెండూ కలిపి వేసే ఈజీఎఫ్‌ఆర్ ఎక్కువ నమ్మదగినదని అంతర్జాతీయ కిడ్నీ వైద్య సంస్థ కేడిగో 2024 మార్గదర్శకాలు కూడా చెప్పాయి.

ఇక ఎవరికి జబ్బు వేగంగా ముదురుతుందో చెప్పే విషయంలో బాగా నిలబడినవి టీఎన్‌ఎఫ్ఆర్-1, టీఎన్‌ఎఫ్ఆర్-2 అనే రెండు ప్రోటీన్లు. బోస్టన్‌లోని జోస్లిన్ డయాబెటిస్ సెంటర్ వాళ్లు 2012లో షుగర్ రోగుల్లో వీటిని చూపించారు. రక్తంలో ఇవి ఎక్కువున్నవాళ్లే తర్వాతి ఏళ్లలో ఎక్కువగా డయాలసిస్ దాకా వెళ్లారు. 2019లో అదే బృందం ఈ ముప్పును ముందే చెప్పే 17 ప్రోటీన్ల గుర్తును ప్రకటించింది. ఈ రెండు ప్రోటీన్లకు కిమ్-1 కూడా కలిపి, రోగి వివరాలతో లెక్కగట్టే పరీక్ష ఒకదానికి 2023లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి దొరికింది. అయిదేళ్లలో కిడ్నీ దిగజారే ముప్పు తక్కువా, మధ్యస్థమా, ఎక్కువా అని అది చెబుతుంది.

ఇది చదివి "అయితే ఆ కిట్టు తెప్పించేద్దాం" అని ఎవరైనా టెండరు పిలుస్తారేమోనని భయం కూడా ఉంది. దయచేసి అలా చేయకండి. ఆ పరీక్ష తయారైంది టైప్ 2 షుగర్ ఉన్న అమెరికా రోగుల కోసం. మా దగ్గర జబ్బు పడ్డవాళ్లలో ఎక్కువమందికి షుగరే లేదు. టీఎన్‌ఎఫ్ఆర్‌లు ఉద్దానంలో ఏం చెబుతాయో ఉద్దానంలోనే చూడాలి. మాలాంటి చోట్ల ఏం కనిపించిందో కూడా ముందుగా చదవండి. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో, అంటే అనూరాధపుర వైపు, వరి రైతుల మూత్రంలో కిమ్-1, ఎన్‌గాల్ పెరగడాన్ని రుహుణ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఏళ్లుగా కొలుస్తున్నారు. నికరాగువాలో చెరకు నరికేవాళ్లకి కోత కాలంలో గాయపు ప్రోటీన్లు పెరిగాయి. అదే నికరాగువాలో పైకి ఆరోగ్యంగా ఉన్న యువకులను రెండేళ్లు వెంబడించి చూస్తే సుమారు పదో వంతు మందికి కిడ్నీ పనితీరు చాలా వేగంగా పడిపోయింది, ఎక్కువమందికి నిలకడగానే ఉంది. 2018లో వచ్చిన ఆ ఫలితం చదివినప్పుడు నాకు నా రిజిస్టర్‌లో ఆ పేజీయే గుర్తొచ్చింది. ఒకే పని, ఒకే నీళ్లు, ఒకే అంకె, రెండు దారులు.

ఉద్దానం గురించి జరిగిన చర్చంతా "కారణం ఏంటి" అనే దాని చుట్టూనే తిరిగింది. నీళ్లలో సిలికా అన్నారు, పురుగు మందులన్నారు, ఎండలో నీళ్లు తాగకుండా పనిచేయడం అన్నారు, నొప్పి బిళ్లలన్నారు, వంశపారంపర్యం అన్నారు. ముప్పై ఏళ్లయింది. కారణం వెతకాల్సిందే. వంశధార నీళ్లు హిరమండలం నుంచి పైపుల్లో వచ్చాయి, పలాసలో 200 పడకల ఆస్పత్రి, పరిశోధనా కేంద్రం 2023 డిసెంబరులో మొదలయ్యాయి, ఇవన్నీ మంచివే. కిడ్నీ వైద్య నిపుణులు డాక్టర్ టి. రవిరాజు లాంటివాళ్లు ఏళ్ల తరబడి ఇక్కడి ఊళ్లు తిరిగారు. 2019లో వచ్చిన అధ్యయనంలో ఉద్దానంలో పరీక్షించిన పెద్దవాళ్లలో సుమారు 18 శాతం మందికి కిడ్నీ జబ్బు ఉందని తేలింది. కానీ ఆ 18 శాతంలో ఎవరు అయిదేళ్లలో డయాలసిస్ కుర్చీకి చేరతారు, ఎవరు పదిహేనేళ్లు పని చేసుకుంటారు అన్నది ఇప్పటికీ ఎవరూ చెప్పలేకపోతున్నారు. కారణం తేలేదాకా ఈ ప్రశ్న ఆగాల్సిన పని లేదు. పురుగు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకపోయినా జిగురు కారుతున్న చెట్టును గుర్తు పట్టవచ్చు.

దీనికి కొత్తగా వేలమంది చేతులు గుచ్చక్కర్లేదు. మా రక్తం, మూత్రం ఇప్పటికే మీ దగ్గర ఉన్నాయి. పన్నెండు, పదమూడేళ్లుగా ఎన్ని బృందాలు వచ్చాయో నాకు తెలుసు, కొన్నిటికి నేనే ఇళ్లు చూపించాను. ఒకసారి మా వీధి వాళ్లంతా పరగడుపున వరుసలో నిలబడి రెండేసి ట్యూబులు రక్తం, ఒక డబ్బా మూత్రం ఇచ్చారు. ఐస్ పెట్టెలో పెట్టుకుని వెళ్లినవాళ్లు మళ్లీ రాలేదు. ఫలితం కాగితం ఒక్కరికీ రాలేదు. ఆ వరుసలో పైన చెప్పిన ఇద్దరు ఆడవాళ్లూ ఉన్నారు. ఆ ట్యూబులు ఎక్కడో మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో ఇంకా ఉండి ఉంటే, ఈ ప్రశ్నకు జవాబు వాటిలోనే ఉంది. ఒకావిడ బతికే ఉంది, ఒకావిడ పోయింది. అప్పటి మూత్రంలో కిమ్-1 ఎంత, ఆల్ఫా-1 ఎంత, రక్తంలో టీఎన్‌ఎఫ్ఆర్ ఎంత? ఇలాంటి జంటలను వందల్లో తీయవచ్చు. వయసు, ఆడా మగా, మొదటి ఈజీఎఫ్‌ఆర్ సమానంగా ఉన్నవాళ్లను జత చేసి, పాత నమూనాలన్నిటినీ ఒకే ల్యాబులో ఒకే పద్ధతిలో కొలిస్తే ఏ ప్రోటీన్ నిజంగా ముందు చెప్పిందో తేలిపోతుంది. మూత్రంలో వచ్చిన అంకెను ఆ మూత్రంలోని క్రియాటినిన్‌తో భాగించి చూడాలి, ఎండన పడి వచ్చినవాళ్ల మూత్రం చిక్కగా ఉంటుంది కాబట్టి. ఈ పని పరిశోధకులకు నేను నేర్పేది కాదు. ఎందుకు ఇంకా జరగలేదని మాత్రం అడుగుతున్నాను.

నమూనాలు ఎవరి దగ్గర ఎన్ని ఉన్నాయో ఒక్కచోట లెక్క తీయమని మండలిని వేడుకుంటున్నాను. దేశవ్యాప్తంగా 2016లో మొదలైన ఇండియన్ సీకేడీ స్టడీలో నాలుగు వేల మందికి పైగా రోగులను చేర్చుకుని, నమూనాలు దాచి, ఏటేటా చూస్తున్నారు. ఆ పద్ధతి మన దేశంలో సాధ్యమేనని దాంతోనే తేలింది. ఉద్దానానికి అలాంటి నిలకడైన వెంబడింపు కావాలి, ప్రతి రెండేళ్లకూ కొత్త బృందం కొత్త ఫారంతో రావడం ఇక ఆపాలి.

పలాసలో ఏం చేయవచ్చో కూడా చెబుతాను. సిస్టాటిన్-సి మామూలు ఆటో ఎనలైజర్ మీదే నడుస్తుంది, రీజెంట్ ఖరీదు తప్ప కొత్త మిషన్ కాదు. ఆల్ఫా-1 మైక్రోగ్లోబ్యులిన్ కూడా అలాగే చేయవచ్చు. కిమ్-1, టీఎన్‌ఎఫ్ఆర్‌లకు ఎలైజా ప్లేట్లు కావాలి, వాటిని నెలకోసారి పోగుచేసి చేసుకోవచ్చు. అన్నిటికన్నా ముందు కావాల్సింది నిలకడగా కరెంటు ఉండే ఫ్రీజరు, దానికి జనరేటరు, దాన్ని రోజూ చూసే మనిషి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా మీద పడ్డప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. ఫ్రిజ్‌లో ఉన్న రీజెంట్లన్నీ నా కళ్ల ముందే పాడైపోయాయి. పదేళ్ల నమూనాలు అలా పోతే తిరిగి రావు.

ముందే తెలిసి ఏం లాభం, మందు లేదు కదా అని ఒక డాక్టరుగారు నాతో అన్నారు. ఆయన మాటలో కొంత నిజం ఉంది. యూరప్‌లో ఇలాగే మూత్రంలోని పెప్టైడ్ల (చిన్న ప్రోటీన్ ముక్కల) గుర్తుతో ముప్పున్న షుగర్ రోగులను ముందే పట్టారు, గుర్తు సరిగ్గానే చెప్పింది, కానీ వాళ్లకి ఇచ్చిన స్పైరోనోలాక్టోన్ మందు పనిచేయలేదని 2020లో తేలింది. మా విషయంలో కూడా అలా జరగవచ్చు. అయినా ముప్పు ఎక్కువని తెలిసిన మనిషికి చేయగలిగినవి ఉన్నాయి. డైక్లోఫెనాక్ బిళ్లలు మానిపించవచ్చు. ఇక్కడ ఒళ్లు నొప్పులకి అవి పిప్పరమెంట్ల కన్నా సులువుగా దొరుకుతాయి. మధ్యాహ్నం ఎండలో పని తప్పించవచ్చు, మూడు నెలలకోసారి పిలిచి చూడవచ్చు. కిడ్నీ దిగజారడాన్ని నెమ్మదింపజేసే డాపాగ్లిఫ్లోజిన్ రకం మందుల ధర మన దేశంలో 2020 తర్వాత బాగా తగ్గింది. అదే రకం మందు ఎంపాగ్లిఫ్లోజిన్‌తో 2022లో ముగిసిన పెద్ద ట్రయల్‌లో ఈజీఎఫ్‌ఆర్ తక్కువగా ఉంటే ఆల్బుమిన్ లేనివాళ్లనీ చేర్చుకున్నారు. ఉద్దానం జబ్బుకి ఇవి ఎంత పనిచేస్తాయో ఇక్కడే ట్రయల్ చేసి చూడాలి. ఆ ట్రయల్‌కి ఎవరిని తీసుకోవాలి? వేగంగా దిగజారబోయేవాళ్లని. వాళ్లెవరో తెలియకుండా చేస్తే, నిలకడగా ఉన్నవాళ్ల మధ్య మందు ప్రభావం కనిపించకుండా పోతుంది. మందు లేదు కాబట్టి గుర్తు వద్దనడం కన్నా, గుర్తు లేకపోతే మందు దొరకదు అనుకోవడం మేలని ఆ డాక్టరుగారికి అప్పుడే చెప్పి ఉండాల్సింది. ఇప్పుడు రాస్తున్నాను.

పింఛను సంగతి ఆరోగ్య శాఖకు. డయాలసిస్ అంచున ఉన్నవాళ్లకి ఇస్తున్నది తగ్గించమని ఎవరూ అనరు. కానీ 5 అనే అంకె కోసం మనుషులు ఎదురుచూసే పరిస్థితి మార్చండి. ఏడాదిలో ఈజీఎఫ్‌ఆర్ 5 పాయింట్లకు పైగా పడిపోతున్నవాళ్లని వేగంగా దిగజారుతున్నవాళ్లుగానే డాక్టర్లు చూస్తారు. వాళ్లకి కనీసం పలాస వచ్చిపోయే ఖర్చు, ఆ రోజు పోయిన కూలి ఇవ్వండి. ప్రోటీన్ పరీక్షలు నమ్మదగినవని ఇక్కడే రుజువైన రోజున వాటినీ అందులో చేర్చండి, అంతకు ముందు వద్దు.

ఇంకొక్క మాట, దీనిమీద నాకు చాలా పట్టింపు ఉంది. ఫలితం ముందుగా ఆ మనిషికే, తెలుగులో, ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాలి. "ముప్పు ఎక్కువ" అన్న కాగితం మా ఊళ్లో చాలా దూరం పోతుంది. ఉద్దానం సంబంధమంటేనే వెనక్కి తగ్గేవాళ్లున్నారు. ఇరవై ఏళ్ల అమ్మాయి మూత్రంలో కిమ్-1 ఎక్కువుందని వీధిలో తెలిస్తే ఆ అమ్మాయి పెళ్లి ఆగిపోతుంది. ఆ ప్రోటీన్ వారం తర్వాత తగ్గిపోయేదే అయినా సరే. అందుకని ఒక్కసారి చూసి ఎవరికీ ముద్ర వేయకండి. రెండు, మూడు సార్లు తేడాతో చూశాక, ఆశా కార్యకర్తకి కూడా ఆ మనిషి ఒప్పుకున్నాకే చెప్పండి. తెలుసుకోవడం ఇష్టం లేదన్నవాళ్లని బలవంతం చేయకండి.

నా రిజిస్టర్లు పదహారు ఉన్నాయి. తేదీ, వయసు, క్రియాటినిన్, మూత్రం రిపోర్టు వరుసగా రాసి ఉన్నాయి. అందులో ఉన్నవాళ్లలో ఎవరు బతికున్నారో, ఎవరు పోయారో, ఎవరు డయాలసిస్‌కి వెళుతున్నారో మా వైపు ఊళ్లలో నేను అడిగి రాయగలను. వాళ్ల దగ్గరో, వాళ్ల పిల్లల దగ్గరో అనుమతి సంతకాలు కూడా నేనే ఇల్లిల్లూ తిరిగి తీసుకుంటాను. మీ దగ్గరున్న ట్యూబుల నంబర్లు పట్టుకుని రండి. మొదటావిడ ఇప్పటికీ ఆ వీధిలోనే ఉంది, మళ్లీ రక్తం ఇస్తావా అమ్మా అని మొన్న అడిగాను. "ఈసారి కాగితం ఇత్తారా?" అని అడిగింది.

ఇట్లు,
ఉద్దానం నుంచి ఒక ల్యాబ్ టెక్నీషియన్